నాగాలకు చోటున్న బడి

మన ప్రాథమిక పాఠ్యపుస్తకాలు ఏ పిల్లను మనసులో పెట్టుకుని రాస్తారో ఒకసారి గమనించండి. ఆ పిల్ల జూన్‌లో బడి తెరవగానే వస్తుంది. ఏప్రిల్ దాకా ఒక్క పూట కూడా నాగా పెట్టదు. మొదటి పాఠం అయ్యాక రెండోది, రెండోది అయ్యాక మూడోది, తరగతిలో అందరితోపాటు అడుగులో అడుగేసుకుంటూ పోతుంది. ఆ తరగతికో గది, గదికో అయ్యవారు ఉంటారు. పాత చిత్తూరు జిల్లా పడమటి కొసన, మదనపల్లె చుట్టూ ఉన్న మెట్టపల్లెల్లో అలాంటి పిల్లను వెతికి పట్టుకోవడం కష్టం. శనక్కాయలు పీకే రోజుల్లో అక్కడి పిల్ల చేలో ఉంటుంది. చింతకాయలు దులిపే కాలంలో చెట్టు కింద ఉంటుంది. అమ్మ టమాటా కోతకు కూలికి పోతే చంటివాణ్ని చంకనేసుకుని ఇంటి దగ్గర ఉంటుంది. లేదంటే మేకల వెనకాల గుట్టమీద ఉంటుంది. పది రోజులు మాని బడికొచ్చేసరికి పుస్తకం పది పేజీలు ముందుకు పోయి ఉంటుంది. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఆ పిల్ల రాదు. మనం ‘డ్రాపవుట్’ అని రిజిస్టర్లో రాసుకుంటాం, తప్పంతా పిల్లదే అన్నట్టు.

ఈ లెక్కను తిరగేసి వేసిన పని ఒకటి ఆ పల్లెల్లోనే పుట్టింది. పిల్ల రాకపోవడాన్ని లోపంగా చూడకుండా కొలతగా తీసుకుని, ఆ కొలతకు సరిపోయేలా బడిని కుట్టారు. రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్ళు 1980ల చివర నుంచి చేసిన పని ఇది. దీని గురించి అవార్డుల వార్తలు చాలా వచ్చాయి. పనితనం గురించి మాత్రం తక్కువే రాశారు.

రిషి వ్యాలీ పేరు వినగానే మనకు జిడ్డు కృష్ణమూర్తి గుర్తొస్తారు. ఆయన 1895లో పుట్టింది మదనపల్లెలోనే. ఆయన ఆలోచనలతో ఆ లోయలో పెరిగిన రెసిడెన్షియల్ స్కూలుకు దేశం నలుమూలల నుంచీ, ఎక్కువగా నగరాల్లోని కలిగినవాళ్ళ ఇళ్ళ నుంచీ, పిల్లలొస్తారు. ప్రహరీ దాటితే కరువు పల్లెలు. ఈ ఎడం స్కూలువాళ్ళకూ కనిపించింది కాబట్టే గ్రామీణ కేంద్రం పెట్టారు. ఆ పనిని వై.ఎ.పద్మనాభరావు, రమ దంపతులు చేతుల్లోకి తీసుకున్నారు. ఇద్దరూ ఆ పల్లెలకు బయటివాళ్ళే. బయటివాళ్ళు పల్లెకొచ్చి బడి పెట్టిన కథలు మనకు కొత్త కాదు. వచ్చినవాళ్ళు ఉన్నన్నాళ్ళు బడి నడుస్తుంది, వాళ్ళు పోయిన మర్నాడు తాళం పడుతుంది. ఇక్కడ వీళ్ళు బళ్ళోని ప్రతి వస్తువునూ తాము లేకపోయినా పనిచేసేలా తయారు చేశారు. నా దృష్టిలో అసలు పనితనం అక్కడ మొదలవుతుంది.

ముందు బళ్ళు వచ్చాయి, ఆ తర్వాతే కార్డులు. ఈ వరస ముఖ్యం. పల్లె పల్లెకూ తిరిగి, బడి లేని చోటో ఉన్నా లేనట్టే ఉన్న చోటో ఊరివాళ్ళతో కూర్చున్నారు. జాగా చూపించే బాధ్యత ఊరిది. చాలా చోట్ల దొరికింది దేనికీ పనికిరాని రాళ్ళ నేల. అందులో ఒక చిన్న కట్టడం, చుట్టూ మొక్కలు. మొక్కలకు నీళ్ళు పోసేది పిల్లలు. ‘శాటిలైట్ స్కూళ్ళు’ అని పిలిచే ఈ బళ్ళు అలా డజను పైచిలుకు లేచాయి. అయ్యవార్లుగా ఎవర్ని పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఊళ్ళోనే ఉంది. పదో, ఇంటరో చదివి, పట్నం పోలేక ఊళ్ళో ఉండిపోయిన కుర్రాళ్ళు, అమ్మాయిలు. బీఈడీ ఉండదు, టీటీసీ ఉండదు. కానీ ఎవరింటి పిల్ల ఎందుకు రాలేదో చెప్పగలరు. వాళ్ళ నాన్నను ‘ఏం మామా, పాపను పంపలేదే?’ అని అడగగలరు.

ఇప్పుడు చిక్కు చూడండి. ఒక గది, ఒక యువ టీచరు, ఒకటి నుంచి అయిదో తరగతి దాకా అన్ని వయసుల పిల్లలు. వాళ్ళలో ఎవరు ఏ రోజు వస్తారో తెలియదు. టీచరుకు శిక్షణ తక్కువ. ఈ అయిదింటిలో ఒక్కటి కూడా ఇప్పట్లో మారేది కాదు. ప్రభుత్వ పరిభాషలో దీన్ని ఏకోపాధ్యాయ పాఠశాల అంటారు. ఇలాంటివి రాష్ట్రంలో వేలల్లో ఉండేవి. వాటిలో జరిగేది సామాన్యంగా ఒకటే: మూడో తరగతికి పాఠం చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ ఎక్కం రాసుకుంటూ కూర్చుంటాయి.

రమ, పద్మనాభరావు పాఠ్యపుస్తకాన్నే విప్పేశారు. ఒక్కో విషయాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి, ఒక్కో అడుగునూ ఒక్కో కార్డుమీద పెట్టారు. కొన్ని కార్డులు కలిస్తే ఒక మైలురాయి. మైలురాళ్ళన్నీ వరసగా పేరిస్తే ఒక నిచ్చెన. తెలుగుకో నిచ్చెన, లెక్కలకో నిచ్చెన, పరిసరాలకో నిచ్చెన. ఆ నిచ్చెన పెద్ద పటంగా గోడమీద ఉంటుంది. బడికి రాగానే పిల్ల చేసే మొదటి పని నిచ్చెన దగ్గరికి పోయి తానెక్కడుందో చూసుకోవడం. తర్వాత అరలోంచి తన కార్డు తానే తెచ్చుకుంటుంది.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం రావాలి. ఇంకా చదవడమే రాని పిల్ల తన కార్డును ఎలా వెతుక్కుంటుంది? ఆ కార్డుమీద ఏం చెయ్యాలో రాసుంటే ఎలా తెలుసుకుంటుంది? ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసే జవాబు దీనిదే. కార్డు మూలన ఒక చిన్న బొమ్మ ఉంటుంది. అదే గుర్తు నిచ్చెన మెట్టుమీద ఉంటుంది, కార్డులు పెట్టిన అర మీద ఉంటుంది. ఆ బొమ్మే చెబుతుంది: ఇది టీచరు పక్కన కూర్చుని చేసే పనా, జతగా ఆడే ఆటా, ఒక్కదానివే పలకమీద రాసుకునేదా అని. బొమ్మ పక్కన అంకె. అంటే పిల్లకు అక్షరం రాకముందే బడిలో దారి తెలుస్తుంది. టీచరు ‘నువ్వు అది తీసుకో, నువ్వు ఇది చెయ్యి’ అని ఒక్కొక్కరికీ చెప్పే పని తప్పిపోతుంది. ముప్పై మందికి దారి చూపించడంలోనే పొద్దు గడిచిపోయే టీచరుకు ఆ పొద్దంతా మిగులుతుంది. మిగిలిన పొద్దును ఎక్కడ ఖర్చుపెట్టాలన్నదీ నిచ్చెనలోనే ఉంది: కొత్త విషయం మొదలుపెట్టే పిల్లల దగ్గర.

ఒక మైలురాయిని దగ్గరగా చూద్దాం. లెక్కల్లో పదులు, ఒకట్లు నేర్పాలనుకోండి. మొదటి కార్డు పరిచయం. పిల్ల టీచరు దగ్గర కూర్చుని పది పుల్లలు ఒక కట్టగా కడుతుంది, విడి పుల్లలు పక్కన పెడుతుంది. తర్వాతవి సాధన కార్డులు. వీటిలో చింతగింజల ఆట ఉండొచ్చు, పాచిక వేసి ఆడే పటం ఉండొచ్చు, పలకమీద చేసే లెక్కలు ఉండొచ్చు. వీటికి టీచరు అక్కర్లేదు, ఈ మెట్టు దాటిన మరో పిల్ల చాలు. ఆ తర్వాత ఒక కార్డు పిల్లకు వచ్చిందో లేదో చూస్తుంది. అది పరీక్షే, కానీ పరీక్ష అని ఎవరూ అనరు, పిల్లకూ తెలియదు. వస్తే విస్తరణ కార్డు: అదే విషయంతో కాస్త కష్టమైన, కాస్త సరదా అయిన పని. రాకపోతే సవరణ కార్డు. అదే పాఠాన్ని ఇంకో దారిలో చెప్పి మళ్ళీ అక్కడికే తీసుకొస్తుంది.

ఈ సవరణ కార్డు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మామూలు బడిలో అర్థం కాని పిల్లకు ఏ ఏర్పాటూ ఉండదు. ఏదో ఒక దయగల టీచరు సాయంత్రం ఆపి చెప్పాలి, లేదంటే లేదు. ఇక్కడ తప్పడాన్ని ముందే ఊహించి, దానికి దారి వేసి ఉంచారు. ఆ దారిలో పోయిన పిల్లను ఎవరూ వేలెత్తి చూపరు, ఎందుకంటే పక్క పిల్ల చేసేది ఎలాగూ వేరే పనే. వెనకబడటం అన్న మాటకు ఆ గదిలో పెద్దగా పని లేదు. పోల్చుకోవడానికి అందరూ ఒకే పేజీలో ఉండాలి కదా.

తెలుగు నిచ్చెన కింది మెట్లు మరో రకమైన పని. అ, ఆ, ఇ, ఈ అంటూ మన వర్ణమాల వరసలో పోతే పిల్లకు ఒక్క మాట చదవడం రావడానికి నెలలు పడుతుంది. వరస శాస్త్రానికి బాగుంటుంది గానీ, ‘ఋ’ వచ్చేసరికి ఆరేళ్ళ పిల్లకు ఆవులింత వస్తుంది. అందుకని తేలిగ్గా రాయగలిగినవీ, కలిపితే వెంటనే మాటలయ్యేవీ అయిన అక్షరాలతో మొదలుపెట్టాలి. ఇది పెద్ద రహస్యమేమీ కాదు, వల, తల, జడ, పడవ అని మొదలయ్యే వాచకాలు మనకు తెలుసు. కష్టమంతా తర్వాత ఉంది. ప్రతి కొత్త మెట్టుమీదా అప్పటిదాకా వచ్చిన అక్షరాలతో మాత్రమే మాటలు, ఆ మాటలతో మాత్రమే వాక్యాలు, ఆ వాక్యాలతో ఆ పల్లె పిల్ల నవ్వుకునే చిన్న కథ రాయాలి. ఒక్క గుణింతం ముందుకు జారినా పిల్ల అక్కడ చిక్కుకుంటుంది. ఒత్తుల కోసం ఆగాలి కాబట్టి ‘అమ్మ’ను కూడా కొంతకాలం కథలోకి రానివ్వకూడదు. మనలాంటివాళ్ళం పది వాక్యాలు రాసి చూస్తే తెలుస్తుంది ఎంత బిగువైన ఛందస్సో.

ఇప్పుడు శనక్కాయలు పీకడానికి పోయిన పిల్ల తిరిగొచ్చిందనుకోండి. నిచ్చెన దగ్గరికి పోతుంది. తన మెట్టు ఎక్కడ వదిలిందో అక్కడే ఉంది. కార్డు తీసుకుంటుంది. అంతే. ఎవరూ ‘ఇన్నాళ్ళు ఎక్కడ చచ్చావ్’ అనరు, పోయిన పాఠాలు పక్క పిల్ల నోట్సు చూసి రాసుకోమనరు. మూడో తరగతి ఈడు పిల్ల లెక్కల్లో నాలుగులో, తెలుగులో రెండులో ఉంటే ఉంటుంది. జూన్ నుంచి ఏప్రిల్ అనే గడువు ఈ నిచ్చెనకు లేదు. వినడానికి ఇది చిన్న సౌకర్యంలా ఉంటుంది. కానీ బడి మానడానికి మొదటి కారణం మానడమే. మానితే అర్థం కాదు, అర్థం కాకపోతే సిగ్గు, సిగ్గేస్తే మళ్ళీ మానడం. ఆ గొలుసును మొదటి లంకె దగ్గరే తెంపారు.

గది అమరిక కూడా దీన్నిబట్టే. బెంచీలు లేవు, నల్లబల్ల వైపు అందరూ మొహం పెట్టి కూర్చోవడం లేదు. పిల్లలు నేలమీద గుంపులుగా కూర్చుంటారు. ఆ గుంపులు వయసునుబట్టీ తరగతినిబట్టీ కాదు, చేతిలోని కార్డు అడిగే సాయాన్నిబట్టి. టీచరు పూర్తిగా కావాల్సినవాళ్ళు ఒకచోట, అప్పుడప్పుడు కావాల్సినవాళ్ళు ఒకచోట, తోటి పిల్ల చాలు అనుకునేవాళ్ళు ఇంకోచోట, ఎవరూ అక్కర్లేనివాళ్ళు తమ మూలన. కార్డు మారితే చోటు మారుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే బల్లకు అంటుకుని కూర్చునే శిక్ష అక్కడ లేదు. టీచరు కూడా నేలమీదే.

ఊరికి బడిలోకి దారి ఎలా పెట్టారన్నది మరో ముచ్చట. చదువుకోని తల్లి బడికొచ్చి ఏం చేస్తుంది? కథ చెబుతుంది. అమ్మలు, అవ్వలు చెప్పే కథలు, పాటలు, పొడుపుకథలు కార్డుల్లోకి, తోలుబొమ్మల ఆటల్లోకి వచ్చాయి. ఇంకోటి మెట్రిక్ మేళా. పిల్లలు ఊళ్ళో సంతలాంటిది పెడతారు. ఒకరు తూకం దగ్గర, ఒకరు ఎత్తు కొలిచే టేపుతో, ఒకరు కూరగాయలు అమ్ముతూ, ఒకరు అంచనాల ఆట ఆడిస్తూ. పెద్దవాళ్ళు వరసలో నిలబడి తమ ఎత్తూ బరువూ పిల్లల చేత రాయించుకుంటారు. బళ్ళో ఏం నేర్పుతున్నారో తెలుసుకోవడానికి తల్లిదండ్రులకు ప్రోగ్రెస్ కార్డు అక్కర్లేదు. తన కూతురు ఊరందరి ముందు కిలోకూ అరకిలోకూ లెక్క తప్పకుండా చిల్లర ఇస్తుంటే కూలికి పోయే తండ్రికి అంతకన్నా రుజువేం కావాలి!

ఇదంతా గాలిలోంచి ఊడిపడలేదు. మదనపల్లెకు అవతల, కర్ణాటక సరిహద్దు దాటగానే, కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ అని ఒక బడి ఉండేది. డేవిడ్ హార్స్‌బరో అనే ఇంగ్లీషాయన 1972లో పెట్టాడు. అంతకుముందు ఆయన రిషి వ్యాలీలో పాఠాలు చెప్పినవాడే. కన్నడ రాష్ట్రమైనా ఆ పల్లెల్లో చాలా ఇళ్ళల్లో తెలుగే. ఆ బళ్ళో పరీక్షల్లేవు, దండనల్లేవు, వయసునుబట్టి తరగతుల్లేవు. చదువుతోపాటు వడ్రంగం, కుట్టుపని, సంగీతం. ఇంగ్లీషు, లెక్కలతోపాటు తెలుగూ, సంస్కృతమూ. పిల్లలు తమ వేగంతో తాము నడిచే బడి ఎలా ఉంటుందో ఆ ప్రాంతానికి మొదట చూపించింది ఆయనే. కాకపోతే నీల్‌బాగ్ హార్స్‌బరో అనే మనిషి మీద నిలబడింది. ఆయన పాటగాడు, పుస్తకాల రచయిత, చేతిపని తెలిసినవాడు. అలాంటివాడు ఊరికొకడు దొరకడు. 1984లో ఆయన పోయాక ఆ బడి ఎన్నాళ్ళో నిలవలేదు. పదో తరగతి చదివిన ఊరి కుర్రాడు కూడా నడపగలిగేలా ఆ ఊపిరిని కార్డుల్లోకి ఎక్కించడం రిషి వ్యాలీ కేంద్రం చేసిన పని. హార్స్‌బరో గొప్పతనం నా మనసుకు హత్తుకుంటుంది, కానీ మెచ్చుకోవాలంటే ఈ రెండో పనినే ఎక్కువ మెచ్చుకుంటాను. ప్రతిభావంతుడైన టీచరు గొప్పగా చెప్పడంలో వింత లేదు.

నిచ్చెన, కార్డులు, టీచరుకు మార్గదర్శిని, అన్నీ కలిపి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అన్నారు. పెట్టెలో బడి. పేరు బాగా అతికింది గానీ కొంత తప్పుదారి కూడా పట్టించింది, పెట్టె పంపిస్తే బడి వచ్చేస్తుందని. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలోని కొందరు ప్రభుత్వ టీచర్లు, యునిసెఫ్ అండతో, రిషి వ్యాలీ బళ్ళు చూసి వెళ్ళి ‘నలి కలి’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. వాళ్ళు పెట్టె మోసుకుపోలేదు. తిరిగి వెళ్ళి కన్నడంలో తమ నిచ్చెన తామే కట్టుకున్నారు. కన్నడ వర్ణమాలను పక్కనపెట్టి ర, గ, స, ద, అ లతో మొదలుపెట్టారు. పిల్లల చేతికందే ఎత్తులో తాళ్ళతో ఒక చప్పరం అల్లి, పిల్లలు గీసిన బొమ్మలూ రాసిన కాగితాలూ దానికి వేలాడదీశారు. అది రిషి వ్యాలీలో ఉన్నదానికి నకలు కాదు, వాళ్ళ సొంతం. తమిళనాడులో ఈ పద్ధతి 2003లో చెన్నై కార్పొరేషన్‌కు చెందిన 13 బళ్ళతో మొదలైంది. దాన్ని నడిపించిన ఐఏఎస్ అధికారి ఎం.పి.విజయకుమార్ టీచర్లకే నిచ్చెన పని అప్పజెప్పాడు. తర్వాత నాలుగైదేళ్ళలో ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పాకింది. గోడ కింది భాగమంతా నల్లగా పూసి, ఒక్కో పిల్లకు ఒక్కో గడి ఇచ్చారు. పిల్ల తన పేరున్న గడిలో తనకందే ఎత్తులోనే రాసుకునేది. మన గిరిజన గూడేల్లోని ‘మాబడి’ పాఠశాలల దాకానూ ఈ పద్ధతి వెళ్ళింది. ఆఖరికి జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు టీచర్ల శిక్షణలో దీన్ని తీసుకున్నారు. మనకు ఇంటి పక్క ఉన్నదాని గురించి ఆ ఊరి నుంచి కబురొస్తే తప్ప నమ్మకం కుదరదు, అది వేరే సంగతి.

మెచ్చుకోలు ఎంతైనా, ఒక అనుమానం వదలదు. మదనపల్లెకు ఆనుకునే ఉన్న నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేస్తారు. జకార్డు మగ్గంపైన చిల్లులు పెట్టిన అట్టలు దండగా కట్టి ఉంటాయి. నేతగాడు తొక్కుడుచెక్క తొక్కితే ఒక్కో అట్టా తిరిగి, ఏ పోగు లేవాలో అదే చెబుతుంది. బుటా వచ్చేస్తుంది. కార్డులతో నడిచే బడి కూడా అలా అట్ట తిరిగితే పోగు లేచే పనిగా మారిపోదా? మారుతుంది, చాలా చోట్ల మారింది కూడా. పిల్ల కార్డు తీస్తుంది, చేస్తుంది, పెడుతుంది, ఇంకోటి తీస్తుంది. టీచరు ఎవరెక్కడున్నారో రిజిస్టర్లో గీతలు పెట్టుకుంటూ కూర్చుంటాడు. చిరిగిన కార్డు స్థానంలో కొత్తది రాదు. గది నిండా పిల్లలు ఒకే కథకు ఒకేసారి నవ్వే సుఖం పోతుంది. మామూలు తరగతి గదిని ఎంత తిట్టుకున్నా ఆ సుఖం దానిది. అధికారులు ఉత్తర్వుతో ఒకే ఏడాది వేల బళ్ళకు పంపిన చోట ఈ ప్రమాదం ఎక్కువ. కార్డు ఎవరు రాశారో, ఆ అడుగు అంత చిన్నదిగా ఎందుకు కోశారో తెలియని టీచరుకు అది పైనుంచి వచ్చిన మరో కాగితం మాత్రమే.

రిషి వ్యాలీ వాళ్ళకు ఇది తెలియక కాదు. అందుకే వాళ్ళ శిక్షణలో బరువంతా తయారీ మీద ఉంటుంది. టీచర్లు వచ్చి, ముందు బళ్ళలో పిల్లల పక్కన కూర్చుని చూస్తారు. తర్వాత తమ భాషలో, తమ ప్రాంతానికి, తామే మైలురాళ్ళు కోసుకుంటారు, బొమ్మలు ఎంచుకుంటారు, కార్డులు రాస్తారు, పిల్లలకిచ్చి చూస్తారు, కుదరకపోతే చించి మళ్ళీ రాస్తారు. ఇది నెమ్మదైన పని, ఖర్చుతో కూడిన పని. పెట్టెను లారీకెత్తించి పంపడం కన్నా ఎన్నో రెట్లు కష్టం. ఒక రాష్ట్రం ఈ పద్ధతిని తెచ్చుకుంటానంటే నేను అడిగే ప్రశ్న కార్డులెన్ని అచ్చువేశారని కాదు, వాటిని రాయడానికి ఎంతమంది టీచర్లను ఎన్నాళ్ళు బడి పనిలోంచి వదిలారని.